ఊరి జనాభా, ఊరి దారి, పాల క్యాన్లు
(సభ్య సంఘాల పాలకవర్గ సభ్యులను, కార్యదర్శులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి, వెన్న శాతం గురించి మాట్లాడతామని మీరు వచ్చి వుంటారు. ఈ పూట ఆ జోలికి పోవడం లేదు. మీ ఊరి తలల లెక్క, మీ ఊరి దారి, ఈ రెంటిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

480 మంది జనం వున్న ఒక శివారు పల్లెను ఊహించండి. అరవై గడపల వారు పూటకు మూడేసి లీటర్లు పోస్తే 180 లీటర్లు. అంటే 40 లీటర్ల క్యాన్లు అయిదు కావాలి. సైకిలు మీద రెండు క్యాన్లకు మించి కట్టలేము. తారు రోడ్డు మూడు కిలోమీటర్లు. ఎడ్లబండి మీద ముప్పావు గంట. ఈలోగా పాలలో సూక్ష్మజీవులు ఊరుకోవు. వేసవి వేడిలో అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. నాలుగు డిగ్రీలకు చల్లబరిస్తేనే వాటి జోరు తగ్గుతుంది. వానాకాలంలో వాగు పొంగితే ఇక చెప్పనక్కరలేదు. పాలు విరిగాయని గేదె ఆ పూట మేత మానుకోదు గదా!

దారి ఎందుకు పడలేదంటే "జనాభా చాలదు" అన్న జవాబు తరచు వస్తుంది. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాలకు 500 జనాభా అని గీత గీశారు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగవ దశలోనూ మైదానాలకు అదే గీత. షెడ్యూల్డు ప్రాంతాలకు 250. తీసుకున్న లెక్క 2011 జనగణనది. 2021లో జరగవలసిన గణన వాయిదా పడింది గనుక అంతకన్న కొత్త లెక్క లేదు.

2011లో తలలు లెక్కించినది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజులన్నీ ఊళ్ళో లేనివారిని వారు ఎక్కడ దొరికితే అక్కడ రాసుకున్నారు. పాలమూరు వంటి వలస జిల్లాల వారికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. అది జనం పనులకు పోయి వుండే కాలం. ఇరవై మంది తగ్గితే పల్లె గీతకు దిగువన పడుతుంది. వలస పోవడానికి దారి లేకపోవడమూ ఒక కారణమే అయినచోట ఇది మరీ అన్యాయమని మా అభిప్రాయం.

అయితే ఒక సంగతి చాలమందికి తెలియదు. ఈ పథకం చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, జనావాసాన్ని. అంటే శివారు పల్లె, తండా, గూడెం దేనికదే లెక్క. మైదానంలో 500 మీటర్ల లోపు వున్న ఆవాసాల జనాభాను కలిపి చూపవచ్చు. 480 మంది పల్లెకు పక్కనే నలభై మంది వున్న ఇళ్ళు వుంటే గీత దాటినట్లే. తారు రోడ్డు ప్రధాన గ్రామానికి వుంటే మనకూ వున్నట్లు రాసి వుండవచ్చు, అది చూసుకోవాలి.

జనగణన గ్రామ పట్టికలో బస్సు, ఆటో, ట్రాక్టరు, ఎడ్లబండి, తారు రోడ్డు, కంకర రోడ్డు వున్నవా లేవా అని వుంటుంది. లేకపోతే అయిదు కిలోమీటర్ల లోపా, పది లోపా, ఆపైనా అని ఒక గుర్తు. బస్సు ఎన్ని గంటలకు వస్తుందో, వాగు ఎన్నాళ్ళు దాటనివ్వదో అందులో వుండదు. అది మీ కార్యదర్శి పుస్తకంలో వుంది. ఏ తేదీన క్యాన్లు తిరిగి వచ్చాయో, ఏ పూట సేకరణ నిలిచిందో అందులో చూసి ఒక కాగితం మీద తీయండి. గడపల వారీగా తలల పట్టీ జతచేసి గ్రామసభలో తీర్మానం చేయించండి. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. మీ శివారు ఇళ్ళు లెక్కలో చేరేటట్లు చూసుకోండి.

తీర్మానం నకలు ఒకటి సంఘం ఫైలులో వుంచి, మరొకటి మా సూపర్‌వైజరు చేతికి ఇవ్వండి. పాలబండి తిరిగే దారులను మళ్ళీ నిర్ణయించేటప్పుడు అది మాకూ కావాలి.