పిల్లల మనోభావములు – పెద్దల బాధ్యత



పసివారికి మానమేమి, అవమానమేమి యని పెద్దలు తేలికగా ననుచుందురు. భాగవతము చతుర్థస్కంధమున నారదమహర్షియు ధ్రువునితో మొదట నిట్లే పలికెను. అప్పటికి ధ్రువునకు ఐదారేండ్లు. తండ్రి తొడ నెక్కగోరిన బాలుని సవతితల్లి సురుచి తూలనాడినది. తండ్రి యుత్తానపాదుడు మిన్నకుండెను. బాలుడు రోషముతో నిట్టూర్చుచు, ఏడ్చుచు కన్నతల్లి సునీతి కడకు పోయెను.

సునీతి చేసిన పని ప్రతి తల్లియు గమనింపదగినది. ఆమె ఏడుపు మానుమని గద్దింపలేదు. బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొనెను, జరిగినది వినెను, తానును కంట తడి పెట్టెను. ఆ పిమ్మటనే ఇతరులకు కీడు తలపవలదని చెప్పి దారి చూపెను. దుఃఖమును తప్పుగా నెంచలేదు; పగను మాత్రము వారించెను.

నారదుని హితవునకు ధ్రువుడు చెప్పిన ప్రత్యుత్తరము మరింత విలువైనది. సురుచి మాటలచే తన హృదయము తూట్లు పడినదనియు, అందుచే ఆ హితవు తన మనసున నిలువకున్నదనియు దాచక చెప్పెను. మహర్షి కోపింపలేదు, ప్రీతుడై ఉపాయ ముపదేశించెను.

తన బాధను గుర్తించి పలుకగల శక్తి పిల్లలకు దానంతట రాదు. అందులకు మాటలు కావలెను. అవి తెలుగున కొల్లలుగా కలవు. తనవారు బుజ్జగింపవలెనని కోరు కోపము అలుక. ఏమియు చేయలేని నిస్సహాయతతో కూడిన కోపము ఉక్రోషము. దూరమైనవారికై మనసు కుములుట బెంగ. కొత్తవారి యెదుట వెనుకాడుట బిడియము. భరతముని సైతము నాట్యశాస్త్రమున రతి మొదలు విస్మయము వరకు ఎనిమిది స్థాయిభావములకు పేర్లు పెట్టెను. భావమునకు పేరు పెట్టి పలికినపుడు మెదడులో భయోద్రేకములకు సంబంధించిన భాగపు అలజడి తగ్గునని 2007లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. పద్దులో చేరని బాకీ తీరినదనుకొనుట పొరపాటు. పేరు పెట్టని బాధయు నట్టిదే.

కోహీరు జామకాయలకు పేరు పొందిన యూరు. ఒక్క జామకాయకై ఇద్దరు పిల్లలు పెనుగులాడి, ఒకడు రెండవవానిని కొట్టెననుకొందము. పెద్దవారు ఇద్దరిని చెరియొక దెబ్బ వేసి కాయ లాగుకొన్నచో, పిల్లలు నేర్చినది బలవంతునిదే కాయ యని మాత్రమే. అట్లుగాక చేయి పట్టి యాపి, "నీకు ఉక్రోషం వచ్చింది బిడ్డా! రావచ్చు. కాని కొట్టరాదు" అనవలెను. ఉర్దూ మాటలాడు ఇండ్లలో అదే సంగతి గుస్సా యను మాటతో చెప్పవచ్చును. ఊపిరి నెమ్మదించిన తరువాత కాయను పంచుకొను దారి వారినే అడుగవలెను. భావము నేరము కాదు. చేతకు మాత్రము హద్దు కలదు.

ఈ శిక్షణ ఒకనాటితో ముగియదు. తపస్సు ఫలించి రాజైన ధ్రువుడే, తమ్ముడుత్తముని ఒక యక్షుడు చంపగా, కోపముతో అనేక యక్షులను వధించెను. తాతయైన స్వాయంభువమనువు వచ్చి, ఒకని తప్పునకు ఇందరిని చంపుట తగదని చెప్పి శాంతింపజేసెను. ఎదిగిన బిడ్డకును చెప్పగల పెద్దదిక్కు కావలెను.

ఇది కేవలము పురాణకాలక్షేపము కాదు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియెట్ ఫలితముల పిమ్మట తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక్కొక్కరి కారణము పైవారు నిర్ణయింపజాలరు. అయినను "భయముగా నున్నది", "సిగ్గుగా నున్నది" అని బిడ్డ నిర్భయముగా చెప్పుకొనగల యిల్లు ప్రతియూరను ఉండవలెను. ఇంటివారి ఓదార్పు చాలనిచో, 2022 అక్టోబరులో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ వారిని 14416 సంఖ్యకు ఫోనుచేసి అడుగవచ్చును; అందులకు సిగ్గుపడ నక్కరలేదు.

గ్రంథాలయము చేయదగిన పని సులభమైనది. వారమున కొకనాడు పిల్లలను చేర్చి కథ చదివి వినిపింపవలెను. చివర "ఇందలి నీతి యేమి?" అని మాత్రమే యడిగి విడువక, "అప్పుడు ధ్రువుని మనసెట్లుండెను? నీకెప్పుడైన నట్లుండెనా?" అని యడుగవలెను. సమాధానము చెప్పు బిడ్డను మధ్యలో నాపక, నవ్వక, తుదివరకు వినవలెను. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు పిల్లల మాట వినుటకంటె మంచి నూతన వ్రతము వేరొకటి లేదు.