గిటారు సంజాయిషీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యాలయములో దస్త్రములు చూచుకొను నావంటివాడు సంగీత విషయమున మాట్లాడుట సాహసమే. అయినను నేను సంగీత శాస్త్రమును గూర్చి గాక, ఒక అన్యాయమును గూర్చి చెప్పదలచితిని. ఆ అన్యాయములో నాకును భాగము కలదు.

గడచిన ఉగాది సాయంకాలమున మన వేదికపై ఒక బాలిక పాట పాడినది. మన సహోద్యోగి కుమారుడు ప్రక్కన కూర్చుండి విద్యుత్ గిటారు వాయించెను. పాట ముగిసినంతనే వెనుక వరుసలవారు, “రాగము వినబడినది గాని మాటలు వినబడలేదు, అంతయు బూమ్ బూమ్ అనుచున్నది” అనిరి. ఇకమీదట గిటారు వలదని సంఘమువారు నిశ్చయించిరి. నేనును చేయి ఎత్తితిని. ఆ పిల్లవాడు వాద్యమును పెట్టెలో పెట్టి, మూడు నెలలు అభ్యాసమునకు రాలేదు.

మన కార్యాలయములలో ఎంత చిన్న ఉద్యోగినైనను సంజాయిషీ అడుగక శిక్షింపము గదా! ఆ న్యాయము గిటారునకు ఏల వర్తింపరాదు? కావున దాని సంజాయిషీని నేడు మీ ముందు ఉంచుచున్నాను.

ముందుగా వాద్య స్వరూపము. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి పనివారు పనస మ్రానిని తొలిచి వీణ చేయుదురు. ఆ కుండ బోలుగా నుండుటవలననే నాదము పుట్టును. మామూలు గిటారు పెట్టెయు అట్టిదే. విద్యుత్ గిటారులలో కొన్నింటికి బోలు లేదు. ఘనమైన కొయ్యయే శరీరము. ఈ రెంటికి నడుమ మూడవ రకము ఒకటి కలదు. నడుమ ఘనమైన కొయ్యదిమ్మ, ఇరుప్రక్కల బోలు. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1958లో వెలువరించిన ఇ.ఎస్. 335 ఈ జాతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. మన పిల్లవాని వాద్యము ఈ జాతిదే.

తీగల క్రింద రెండు చిన్న పెట్టెలు ఉండును. వానిని పికప్ లందురు. వాని లోపల అయస్కాంతమును, దాని చుట్టు వేలకొలది చుట్లు గల సన్నని రాగితీగయు ఉండును. ఉక్కుతీగ కదలినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టి, ఆంప్లిఫయరునకు పోయి, స్పీకరులో ధ్వని యగును. ఒక పికప్ బ్రిడ్జి దగ్గర, రెండవది మెడ మొదట ఉండును. మన తగవు ఈ రెండవ దానితోనే.

రెండు కొబ్బరిచెట్ల నడుమ త్రాడు కట్టి ఊపి చూడుడు. ముడి దగ్గర కదలిక స్వల్పము. నడుమకు వచ్చిన కొలది ఎక్కువ. తీగయు అంతే. మెడ పికప్ తీగ పొడవులో బ్రిడ్జి నుండి సుమారు నాలుగవ వంతు దూరమున నుండును. అచ్చట తీగ విస్తారముగా ఊగును. అందు ముఖ్యముగా మూలస్వరము బలముగా ఉండును. బ్రిడ్జి దగ్గర మూలస్వరము క్షీణించి, పై అనుస్వరములు ప్రస్ఫుటమగును. అందుచేత మెడ పికప్ ధ్వని సహజముగనే గంభీరము, మధురము. అది దోషము కాదు, దాని స్వభావము.

మరి మాటలు ఏల మరుగుపడెను? గిటారులో లావైన తీగ నాదము సెకండునకు 82 కంపనములు. మాటలను స్పష్టము చేయు హల్లుల ధ్వనులు ముఖ్యముగా వేలకొలది కంపనములలో నుండును. బలమైన మంద్రధ్వని తనకు పైనున్న ధ్వనులను కప్పివేయును; తారధ్వని మంద్రమును అంతగా కప్పజాలదు. ఇది మన చెవి లక్షణము. దీనికి తోడు వాద్యపు బోలు భాగము స్పీకరు ధ్వనికి తానును కంపించి, ఆ మంద్రమునే మరల పెంచును. అదియే మనము విన్న “బూమ్.”

వ్యాధి తెలిసిన పిదప చికిత్స. నేను మొదట చేసిన పొరపాటు ఏమనగా, కొత్త పికప్ తెప్పింతమని ఆలోచించుట. శ్రీ విజయపురము, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన మన ఊరు, విశాఖపట్టణము నుండి ఓడలో సుమారు మూడు దినముల దూరము. ఇచ్చట నుండువాడు వస్తువు తెప్పించుటకు ముందు, ఉన్నదానిని పరీక్షించుట నేర్చుకొనవలెను. ఆ పిల్లవాడును నేనును ఒక నియమము పెట్టుకొంటిమి: ఖర్చు లేనిది ముందు, మరల సరిదిద్దుకొనుటకు వీలులేనిది చివర, ఒక్కమారు ఒక్కటే మార్పు.

మొదటిది స్థలము. ఉగాదినాడు ఆంప్లిఫయరు వేదిక మూలలో నేలపై ఉండెను. గోడకు, నేలకు, మూలకు చేరిన కొలది స్పీకరు మంద్రము పెరుగును. దానిని బల్లపై నెత్తి, గోడకు దూరముగా ముందునకు జరిపి, వాద్యము దానికి ఎదురుగా నుండకుండ కూర్చుండబెట్టితిమి. సగము బూమ్ అంతటితో పోయెను. నాటి తప్పులో పిల్లవానిది ఎంత, ఆ పెట్టెను మూలలో పెట్టిన మా పెద్దలది ఎంత అని నాకు అప్పుడే తోచెను.

రెండవది తీగలు. మన దీవులలో మే మొదలు డిసెంబరు వరకు వానలు, ఎల్లప్పుడును ఉప్పుగాలి. తీగలు త్వరగా త్రుప్పు పట్టును. త్రుప్పు, చెమట పట్టిన తీగ ముందుగా పోగొట్టుకొనునది తారమును. మంద్రము పెరిగినట్లు తోచును గాని, నిజమునకు తారము చచ్చినది. తీగలు మార్చి, వాయించిన పిదప ప్రతిదినము పొడిగుడ్డతో తుడుచు అలవాటు చేసితిమి.

మూడవది స్క్రూ. పికప్ కు ఇరుప్రక్కల ఎత్తు సవరించు స్క్రూలుండును. తీగను చివరి మెట్టుపై నొక్కిపట్టి, తీగకును పికప్ కును నడుమ సందు కొలువవలెను. లావు తీగల ప్రక్క సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగల ప్రక్క 1.5 ఉండునట్లు ఆరంభించి, లావు తీగల ప్రక్కను పావు చుట్టు చొప్పున దించుచు వినవలెను. అయస్కాంతము దూరమైన కొలది ధ్వని బలము తగ్గును. ఒక్కొక్క తీగ క్రింద వేరువేరు స్క్రూ తలలున్నచో, సన్న తీగలవానిని కొంచెము పైకి ఎత్తవచ్చును. మా పనిలో అధికఫలము ఇచ్చినది ఈ స్క్రూడ్రైవరే.

నాలుగవది మీటలు. మంద్రము ఎక్కువైనచో చాలమంది గిటారుపై వాల్యూమ్ మీట తగ్గింతురు. చిక్కు అచ్చటనే కలదు. ఆ మీట నిరోధమును, తీగత్రాడు లోపలి విద్యుత్ ధారణశక్తియు కలిసి తారమునే ముందు మ్రింగును, శేషించునది మంద్రమే. కావున మంద్రమును ఆంప్లిఫయరు బేస్ మీటతో తగ్గించి, గిటారు నుండి ఆంప్లిఫయరునకు పోవు త్రాడును పొట్టిదిగా వాడవలెను.

అయిదవది చేయి. మెడ దగ్గర మీటిన మీటు గుండ్రన. బ్రిడ్జి వైపు మీటినది పదును. పాటకు తోడుగా వాయించునప్పుడు ఆరు తీగలను ఒక్కసారి మీటుట ఏల? తబలా, మృదంగము మంద్రమును పోషించుచుండ, గిటారు పై నాలుగు తీగలతో తృప్తిపడవలెను. వీణపై అనుమంద్రము ఉన్నదని వైణికుడు దానిని క్షణక్షణము మీటునా?

ఇన్ని చేసినను చాలనిచో ఆరవది, టంకము. పికప్ కును వాల్యూమ్ మీటకును నడుమ చిన్న కెపాసిటరు వరుసలో చేర్చినచో అది మంద్రమును ఆపి, తక్కినదానిని పోనిచ్చును. 500 కిలో ఓముల మీటలున్న వాద్యములో 4.7 నానోఫారడ్ కెపాసిటరు సుమారు 170 కంపనముల క్రింద కోత ప్రారంభించును. అయితే ఈ జాతి గిటారులు పెక్కింటికి వెనుక మూత ఉండదు; లోపలి భాగములను ఎఫ్ ఆకారపు రంధ్రము గుండ దారము కట్టి లాగవలెను. అందుచేతనే దీనిని చివర చెప్పితిని. ఆంప్లిఫయరు లోపల మాత్రము తెలియనివారు చేయి పెట్టరాదు. ఆపివేసిన పిదపను వాల్వు ఆంప్లిఫయరులో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

మాకు టంకము అవసరమే రాలేదు. మూడు ఆదివారములు, ఒక జత తీగల ఖర్చు, అంతే.

ఒక హెచ్చరిక. మంద్రమును అణచుట వేరు, చంపుట వేరు. మొదటి ఆదివారము మేము ఉత్సాహమున పికప్ ను మిక్కిలి దించితిమి. ధ్వని రేకుడబ్బా వలె నయ్యెను. ఆ పిల్లవాడే, “మామగారూ, ఇది నా గిటారు కాదండీ” అనెను. మరల కొంత ఎత్తితిమి. పాటకు చోటు విడిచి, తన గాంభీర్యమును నిలుపుకొనుటయే మచ్చిక.

విదేశవాద్యము మనకేల అను పెద్దలకు ఒక్క మాట. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండొలిన్ ను త్రోసివేయలేదు. జంట తీగలను మాని, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్ పై కర్ణాటక సంగీతపు గమకములను పలికించిరి. 2014లో ఆయన అస్తమించునాటికి ఆ వాద్యము మన కచేరీ వేదికకు పరాయిది కాదు. వాద్యమును మన పాటకు అనువుగా మలచుకొనిన చేయి మన తెలుగుచేయి.

నేడు ఈ సభాంతమున ఆ బాలికయే పాడును. ఆ పిల్లవాడే గిటారు వాయించును. వెనుక వరుసలో కూర్చున్నవారిని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాను: మాటలు వినుడు. ప్రతి మాటయు మీకు చేరినచో ఉగాదినాటి మన తీర్మానమును రద్దు చేయుడు. చేరనిచో మరల మమ్ము సంజాయిషీ అడుగుడు. నేనును ఆ పిల్లవాడును మరల స్క్రూడ్రైవరు పట్టుకొందుము. వినక మాత్రము శిక్షింపకుడు.