లారీ యజమానికి వలయు యోగ్యత

(మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ముప్పది యేండ్లకు పైగా బడిలో శబ్దమంజరియు రఘువంశమును చెప్పిన మేము లారీలను గురించి మాటాడ నిలుచుట కొందరికి వింతగా దోచవచ్చును. మోటారు చట్టములు మా విద్య కాదు. అయినను మనవారిలో లారీలపై జీవించువారు నానాటికి హెచ్చుచున్నారు. పొలమమ్మి లారీ కొన్నవారు మా శిష్యులలోనే పలువురు కలరు. వారిలో నొకనికి గలిగిన నష్టమే మమ్మీ విషయమునకు లాగినది.

ఆ శిష్యుడు 2014లో రెండెకరముల మాగాణి అమ్మి, చాలని సొమ్ము అప్పుచేసి, లారీ కొనెను. పర్మిట్టు పుచ్చుకొనునాడు మేమును వాని వెంట నుంటిమి. బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కలదా, ఇన్సూరెన్సు కట్టితివా, పన్ను చెల్లించితివా యని యడిగిరి. అన్నియు గలవు. ఈ వ్యాపారమున నీకేమి తెలియునని యెవ్వరును అడుగలేదు. నిజము చెప్పవలెనన్న మేమును అడుగలేదు. రెండేండ్లకు ఆ బండి క్రింద సైకిలుపై పోవు కూలియొకడు మరణించెను. డ్రైవరు లైసెన్సు గడువు అంతకు ఐదు నెలలకు ముందే తీరినదని యజమానికి అప్పుడుగాని తెలియలేదు. నాడు రవాణా లైసెన్సు మూడేండ్లకే యిచ్చెడివారు. 2019 సవరణతో అది ఐదేండ్లయినది. ఇన్సూరెన్సు కంపెనీ మృతుని భార్యకు పరిహారము చెల్లించి, ఆ మొత్తమును యజమానియొద్ద రాబట్టుకొనుటకు ఉత్తరువు పొందెను. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్‌సింగ్ వ్యాజ్యమున నిర్ణయించిన పద్ధతి యిదియే. చనిపోయినవారి కుటుంబమునకు కంపెనీ ముందుగా చెల్లింపవలెను. డ్రైవరుకు సరియైన లైసెన్సు లేదనియు, ఆ విషయమున యజమాని తగిన శ్రద్ధ చూపలేదనియు రుజువుచేసినచో, యజమానినుండి వసూలు చేసికొనవచ్చును. లారీ పోయెను, మిగిలిన పొలమును పోయెను. ఆ కూలి భార్యను మేము చూచితిమి. ఆమె నష్టము ముందర వీని నష్టము చిన్నదని చెప్పక తప్పదు.

మన శాస్త్రములలో గ్రంథారంభమున "దీనికి అధికారి యెవడు?" అని విచారించుట సంప్రదాయము. లారీ వ్యాపారమునకు అధికారి యెవడు? మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము డ్రైవరును గురించి ఈ ప్రశ్నను చక్కగా వేసినది. రవాణా వాహనము నడుపువానికి ఇరువది యేండ్లు నిండవలెను. అంతకు ముందు తేలిక బండి నడుపు లైసెన్సు ఒక యేడాదియైన నుండవలెను. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నియమమొకటి యుండెను గాని 2019లో దానిని తొలగించిరి. చదువు చెప్పి బ్రతికిన మాకు అది మొదట కష్టముగా దోచినను, అక్షరము రాని డ్రైవర్లలో గొప్ప నేర్పరుల నెరుగుదుము గనుక న్యాయమే యని యొప్పుకొంటిమి. బండిని గురించియు చట్టము అడుగవలసినదంతయు నడుగును. యజమానికి మాత్రము పరీక్ష లేదు.

ఐరోపా సమాఖ్యలో అట్లు కాదు. 2009 నాటి 1071వ నిబంధన ప్రకారము, కూలికి సరకు మోయు వ్యాపారమున ప్రవేశించువానికి స్థిరమైన కార్యాలయము, సత్ప్రవర్తన, ధనబలము, వృత్తిజ్ఞానము అను నాలుగును ఉండవలెను. ధనబలమనగా మొదటి బండికి 9,000 యూరోలు, ఆపై ప్రతి పెద్దబండికిని 5,000 యూరోలు మూలధనముగా నున్నట్లు ఏటేట చూపుట. చేత డబ్బులేనివాడు అరిగిన టైర్లతోనే బండిని త్రోలించునని దీని భావము కాబోలు. వృత్తిజ్ఞానమునకు వ్రాతపరీక్ష కలదు. అందు ఒప్పందముల చట్టము, పన్నులు, జమాఖర్చులు, పనివారి హక్కులు, బండ్ల సాంకేతిక నియమములు, రోడ్డు భద్రత మొదలైనవి చేరియున్నవి. మొత్తముమీద నూటికి 60 మార్కులు రావలెను. నాలుగున్నర గంటలు బండి నడిపిన డ్రైవరుకు నలుబదియైదు నిమిషముల విశ్రాంతి యీయవలెనని అక్కడి లారీ యజమాని యెరుగననుటకు వీలులేదు.

యజమాని తానే పరీక్షకు కూర్చుండనక్కరలేదు. గెలిచిన రవాణా మేనేజరు నొకని నియమించుకొనవచ్చును. పేరునకు మాత్రము సంతకము పెట్టు మేనేజర్లు పుట్టుదురని శాసనకర్తలు ముందే యూహించిరి. అందుచే బయటి మేనేజరు నలుగురు యజమానులకు మించియు, మొత్తము 50 బండ్లకు మించియు చూడరాదని హద్దు పెట్టిరి. ఇక సత్ప్రవర్తన. డ్రైవరు నడిపిన గంటలను కొలుచు టాకోగ్రాఫ్ యంత్రమును మోసగించుట, తనిఖీ లేని బండిని రోడ్డుపై బెట్టుట వంటి ఘోరాపరాధములు రుజువైనచో ఆ పేరు పోవచ్చును. పేరుతో లైసెన్సును పోవును. 2022 మే నుండి పరదేశములకు కూలికి సరకు మోయు, రెండున్నర టన్నులు దాటిన చిన్న వ్యానులకును ఈ కట్టడి తగిలినది. వానికి మూలధనమును మాత్రము మొదటిదానికి 1,800, తక్కినవానికి 900 యూరోలుగా తగ్గించిరి.

ఈ భావము ఒక్కనాడు పుట్టినది కాదు. బ్రిటనులో 1930 నాటి చట్టము ట్రాఫిక్ కమిషనర్లను సృష్టించెను. 1933 నాటి చట్టము లారీలకు ఏ, బీ, సీ యను మూడు తరగతుల లైసెన్సులు పెట్టెను. నాటి ముఖ్య ప్రశ్న యజమాని యోగ్యుడా యని కాదు. ఈ దారిలో ఇంకొక లారీ యవసరమా యని. రైల్వేవారును పాత లారీలవారును క్రొత్తవారిపై ఆక్షేపణలు తెలుపుచుండిరి. మన 1939 చట్టమును ఆ నీడలోనిదే. బ్రిటనువారు 1968 చట్టముతో ప్రశ్నను మార్చి, ఎన్ని లారీలని మాని, ఎట్టి యజమాని యని యడుగసాగిరి. మనవారును 1988లో లారీల సంఖ్యపై కట్టడిని సడలించిరి; కాని దాని స్థానమున యోగ్యతా ప్రశ్నను నిలుపలేదు. లోపమంతయు నిచ్చటనే యున్నదని మా యభిప్రాయము.

అంత కట్టడియున్న దేశమున ప్రమాదములు లేవా? కలవు. 2015 ఫిబ్రవరిలో బ్రిటనులోని బాత్ నగరమున, ఏటవాలు వీధిలో, కంకర మోయు లారీ బ్రేకులు పట్టక దిగివచ్చి నలుగురి ప్రాణములు దీసెను. అందొకతె నాలుగేండ్ల పాప. డ్రైవరుపై నేరము నిలువలేదు. బ్రేకులను ఉపేక్షించిన యజమానికిని మెకానిక్కునకును 2017లో చెరసాల శిక్ష పడినది. యజమానికి ఏడున్నర యేండ్లు.

ఈ వార్త చదివినప్పుడు మాకు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము జ్ఞప్తికి వచ్చెను. తోలువాని నేర్పులేమిచే బండి తప్పి హింస కలిగినచో స్వామికి దండనమనియు, తోలువాడు నేర్పరియైనచో వానికే దండనమనియు అందు గలదు. అనగా నేర్పులేనివాని చేతికి పగ్గము లిచ్చుట యజమాని నేరము. ఆ ప్రకరణముననే ఇరుసు విరిగినను ముకుత్రాడు తెగినను దండనము లేదనియు గలదు. ఎద్దుబండికి అది చెల్లునేమో! లారీకి చెల్లదు. ఇరుసు విరుగుట దైవికమైన కావచ్చును. బ్రేకు అరుగుట చూచువానికి దినదినము తెలియునదే.

అమెరికా మార్గము వేరు. అక్కడ 1935 నుండి వ్యాపార ప్రవేశమునకే అడ్డుండగా, 1980 చట్టము తలుపులు తెరచినది. యజమానికి వృత్తిపరీక్ష లేదు. రాష్ట్రముల నడుమ కూలికి సామాన్య సరకు మోయు పెద్దబండికి 7,50,000 డాలర్ల బాధ్యతా యిన్సూరెన్సు చూపవలెను. క్రొత్తవానిని పదునెనిమిది నెలలు కనిపెట్టి చూతురు. జపానులో ఐదు బండ్లైన లేనివానికి సాధారణముగా లారీ వ్యాపారపు అనుమతియే లేదు. అచ్చట అర్హత పొందిన నిర్వాహకుడు ప్రయాణమునకు ముందును వెనుకను డ్రైవరును పలుకరించి ఒడలెట్లున్నదో విచారింపవలెను. 2011 నుండి మద్యము కనిపెట్టు యంత్రమున ఊదింపవలెను గూడ. ఈ పలుకరింపు మాకు మిక్కిలి నచ్చినది.

ఇవన్నియు మనదేశమునకు దిగుమతి చేసికొనవలెనని మేము చెప్పము. జపాను నియమము వచ్చెనా, ఒక్క లారీతో కుటుంబమును పోషించుకొనువాడు మరునాడే యొరుల బండిపై కూలియగును. ఐరోపావలె మూలధనము చూపుమన్న, నెలవాయిదా కట్టుటయే గగనమైనవాడు ఎచ్చటినుండి తెచ్చును? కాని వృత్తిజ్ఞానమునకు మూలధన మక్కరలేదు. దానికి చట్టము వచ్చువరకు వేచియుండనేల? మన పోషకులలో పలువురు లారీ యప్పులకు హామీ సంతకములు చేయుచున్నారు. సంతకమునకు ముందు, డ్రైవరు లైసెన్సు తేదీని నీవే చదివి చూచుకొందువా, బ్రేకులు తుదిసారి యెప్పుడు విప్పించెదరో పుస్తకమున వ్రాసికొందువా యని యడుగుడు. సమాధానము రానివానిని పంపివేయవలదు, మాయొద్దకు పంపుడు.

మన విద్యార్థి వసతిగృహమున ఆదివారములందు ఒక గది ఖాళీగా నుండును. పర్మిట్టు, లైసెన్సు, ఇన్సూరెన్సు పత్రములను ఎట్లు చదువవలెనో మేము చెప్పగలము. బ్రేకుల సంగతి చెప్పుటకు నేర్పరియైన మెకానిక్కు నొకని మీరు సమకూర్పవలెను. మొదట మేము చెప్పిన శిష్యుడు నేడు ఇంకొకరి లారీకి డ్రైవరుగా నున్నాడు. మొదటి ఆదివారము తన కథను తానే చెప్పెదనని మాకు మాట యిచ్చియున్నాడు.