కందులు ఇంటికొచ్చిన రోజే కాంటా ఎందుకు రాదు?

(కంది రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కందుల ధర గురించి మనకంటే ముందు మాట్లాడిన పెద్దలు చాలా చెప్పారు. మేము తేదీల గురించి మాట్లాడదలిచాం. చిన్న రైతును ముంచుతున్నది ధర ఎంత అన్నది ఒక్కటే కాదు. ఆ ధర ఏ రోజున ఉన్నది, ఆ రోజున కందులు ఎవరి ఇంట్లో ఉన్నాయి అన్నదే అసలు ముచ్చట.

2025-26 సీజన్‌కు కేంద్రం కందులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంతకు ముందటేడు 7,550. దానికి ముందు 7,000. కాగితం మీద చూస్తే కంది రైతంత అదృష్టవంతుడు దేశంలో లేడు. కానీ వికారాబాద్, నారాయణపేట, మహబూబ్‌నగర్ పల్లెల్లో తిరిగేటప్పుడు రెండెకరాల రైతును "మద్దతు ధరకు అమ్మినవా?" అని అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వుకు అర్థం తెలియాలంటే పంట ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్క పెట్టాలి.

జూన్, జూలైల్లో వేసిన కంది డిసెంబర్, జనవరిలో కోతకొస్తుంది. ఆరు నెలల పంట. పత్తిలోనో జొన్నలోనో సాళ్లుగా వేసినవాడికి మూడు నాలుగు క్వింటాళ్లు ఇంటికొస్తే గొప్ప. ఈ ఆరు నెలలు విత్తనం, పురుగు మందు, కూలి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి? చాలా ఊళ్లలో ఎరువుల దుకాణం ఖాతాలోంచి. కోతల తర్వాత పంట కొనేదీ ఆ దుకాణదారే. అప్పు ఇచ్చినవాడే కాంటా పెడితే ఇక బేరమెక్కడిది? ధర ఎంత అని అడిగితేనే అమర్యాద అన్నట్టు చూస్తాడు. పైగా నాలుగు క్వింటాళ్ల కోసం ట్రాలీ కిరాయి పెట్టుకొని మార్కెట్‌కు పోతే గిట్టదు. ఇంట్లో ఉంచుదామంటే కందికి పుచ్చు పడుతుంది. వడ్లలాగా గుమ్మిలో పోసి ఊరుకునే గింజ కాదిది. కనుక కళ్లం ఊడ్చిన వారానికే కందులు ఊరు దాటుతాయి.

ఒక లెక్క వేద్దాం. నాలుగు క్వింటాళ్లు మద్దతు ధరకు పోతే 32,000 రూపాయలు. ఊళ్లో మారుబేరగాడు 6,800 చొప్పున కొన్నాడనుకోండి. తేమ, తాలు, మట్టి పెళ్లలు అని చెప్పి క్వింటాలుకు రెండు కిలోలు కడ్తా తీశాడనుకోండి. మిగిలిన 392 కిలోలకు వచ్చేది 26,656. అంటే 5,344 రూపాయలు అక్కడే పోయాయి. ఇందులో కాంటా దగా కలపలేదు, బస్తా బరువు కలపలేదు, హమాలీ కలపలేదు, ఎరువుల బాకీ మీద వడ్డీ అసలే కలపలేదు. ఆ ఐదు వేలు అతని పిల్ల కాలేజీ ఫీజు. లేదా వచ్చే వానాకాలం విత్తనం.

మార్కెట్ యార్డుకు పోయినవాడి సంగతి కొంత మేలు. అక్కడ నలుగురు ఖరీదుదారులుంటారు, రాశి చూసి ధర పాడతారు, దడువాయి తూకం వేస్తాడు, చేతికి తక్‌పట్టీ వస్తుంది. మన మార్కెట్ చట్టాలు కొత్తవేమీ కాదు. హైదరాబాద్ రాజ్యంలో 1930 నాటికే వ్యవసాయ మార్కెట్ల చట్టం ఉంది. తర్వాత 1966 చట్టం వచ్చింది. నిబంధనల్లో లేని కోత తీయొద్దని ఆ చట్టమే చెబుతోంది. అయినా "శాంపిల్" పేరుతో దోసెడు, "ధర్మం" పేరుతో దోసెడు పోతూనే ఉంటాయి. తక్‌పట్టీ ఇవ్వకుండా తెల్లకాగితం మీద రాసిచ్చే అడ్తి దుకాణాలున్నాయి. ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో మన ప్రాంతాన్ని దోచుకున్నవాళ్ల గురించి గొంతు చించుకున్నాం, న్యాయంగానే. కానీ కడ్తా తీసే చెయ్యి మన ఊరిదే. రాస్తారోకోలో మన పక్కన కూర్చున్నవాళ్లలో అడ్తిదారులూ ఉన్నారు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటినా ఆ చెయ్యి ఆగలేదు.

ఇక సర్కారు కాంటా. ఇక్కడే తేదీలు చూడాలి.

2015లో పట్నంలో కందిపప్పు కిలో 200 రూపాయలకు ఎగబాకింది. అందరూ కంది వేయమన్నారు. వేశాం. 2015-16లో దేశం మొత్తం మీద 25 లక్షల టన్నుల చిల్లర పండిన కంది, 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. ఇదే కాలంలో, 2016 జూలైలో, మొజాంబిక్ నుంచి కందులు తెచ్చుకోవడానికి కేంద్రం ఒప్పందం రాసుకుంది. ఏటేటా పెంచుకుంటూ 2020-21 నాటికి రెండు లక్షల టన్నులు తేవాలని అందులో ఉంది. మన కందులు కళ్లానికి వచ్చేసరికి బజారు కూలింది. మద్దతు ధర బోనసుతో కలిపి 5,050 ఉంటే, బయట నాలుగు వేల చిల్లరకు అమ్ముకున్నారు. దిగుమతులకు పరిమితి పెట్టింది ఎప్పుడు? 2017 ఆగస్టులో. అప్పటికి చిన్న రైతు ఇంట్లో కందులున్నాయా? విత్తనానికి దాచుకున్న మానెడు తప్ప ఏమీ లేవు. మళ్లీ 2021 మేలో దిగుమతులకు గేట్లు తెరిచారు.

ధర పెరిగినప్పుడైనా మనకు దక్కిందా? 2024 మొదట్లో బయటి ధర పదివేలు దాటింది, మద్దతు ధర 7,000 ఉండగా. ఆ తర్వాత ఇంకా పెరిగింది. జనవరిలో అమ్మినవాడికి ఎంతో కొంత దక్కింది, కాదనం. కానీ వేసవిలో వచ్చిన ధర మాత్రం గోదాము ఉన్నవాడికే.

కేంద్రం 2025 బడ్జెట్‌లో ఒక మాట చెప్పింది. నాలుగేళ్ల పాటు కందులు, మినుములు, ఎర్రపప్పు ఎంత తెస్తే అంత నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ కొంటాయట. ఒకప్పుడు పండినదాంట్లో నాలుగో వంతు దాకానే కొనాలన్న గిరి ఉండేది. మంచిదే. కానీ ఆ మాటలో ఒక మెలిక ఉంది. పేరు నమోదు చేసుకున్న రైతు నుంచే కొంటారు. నమోదులో ఎవరి పేరు పడుతుంది? పాసుబుక్కు ఉన్న పట్టాదారుది. కౌలుకు చేసేవాడు ఆ కాగితాల కోసం దొర గడప తొక్కాలి. భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లోనే వచ్చింది. దాని కింద కార్డు చూపించిన కౌలు రైతు మా తిరుగుళ్లలో ఒక్కడూ తగల్లేదు. చివరికి ఏమవుతుంది? కౌలుదారు కందులను వ్యాపారి కొంటాడు, ఎవరిదో పాసుబుక్కు పట్టుకొచ్చి అవే కందులను సర్కారు కాంటా మీద పెడతాడు. మద్దతు ధర ముట్టింది, లెక్కలో రైతుకే ముట్టింది!

పేరున్నవాడికీ తిప్పలే. తేమ 12 శాతం దాటొద్దంటారు. మంచు పడే పొద్దుల్లో కోసిన కందిని ఎండబెట్టడానికి పల్లెలో చదునైన జాగా సీసీ రోడ్డే. జల్లెడ పట్టాలి, టోకెన్ తీసుకోవాలి, గోనె సంచుల కోసం ఎదురుచూడాలి. డబ్బులు బ్యాంకు ఖాతాలో పడేదాకా దుకాణదారు ఆగడు కదా. అందుకే కేంద్రం తెరిచిన ఊళ్లోనూ పేద రైతు పక్క సందులోని వ్యాపారి దగ్గరికే పోతాడు. అతను తెలివి తక్కువై పోవడం లేదు. చేతికి నోటు కావాలి.

మరి ఆగే శక్తి ఎలా వస్తుంది? ఒక పాత పథకం ఉంది, చాలామందికి తెలియదు. మార్కెట్ కమిటీల రైతుబంధు పథకం. 2018లో వచ్చిన పెట్టుబడి సాయం కాదు, పేరు ఒకటే గనుక అందరూ అదే అనుకుంటారు. ఇది అంతకు చాలా ముందటిది. పంటను మార్కెట్ గోదాములో పెట్టి, దాని విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకోవచ్చు. ఆరు నెలల దాకా వడ్డీ లేదు. ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. దుకాణం బాకీ ముందు తీర్చడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ మార్కెట్‌కు పోయి అడగండి, గోదాము ఖాళీ లేదంటారు. ఎవరి సరుకుతో నిండిందో కూడా అడగండి. నాలుగు క్వింటాళ్లవాడు ఒక్కడే పోతే పట్టించుకోరు. పదిమంది కందులు ఒక్క ట్రాలీలో పోస్తే కిరాయీ తగ్గుతుంది, మాటా చెల్లుతుంది.

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతుల కంపెనీయే, గర్వపడదాం. అయితే ఆ పేరు సంచి మీద వేసుకొని మిల్లు అమ్ముకుంటుంది, రైతు మాత్రం పేరు లేని కందులే అమ్ముతాడు. సరిహద్దు దాటితే కలబురగి. 1956 దాకా అదీ మనమూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. 2025లో కర్ణాటక సర్కారు 7,550కి తోడు క్వింటాలుకు 450 రూపాయలు తన ఖజానా నుంచి కలిపింది. అదే నల్లరేగడి, అదే గింజ. మన దగ్గర ఎందుకు కుదరదో మన ఎమ్మెల్యేలు చెప్పాలి.

కాబట్టి మొదటి కోతకు ముందే, నవంబర్ ఆఖరులోపల, కేంద్రాలు తెరవాలని, గోదాములో సగం జాగా ఐదెకరాల లోపు వారికే ఉంచాలని, పంట నమోదులో దున్నినవాడి పేరు రాయాలని మార్కెట్ కార్యదర్శికీ తహసీల్దారుకూ ఊరూరా దరఖాస్తు పెడుతున్నాం. నకళ్లు బయట బల్ల మీద ఉన్నాయి. పట్టా లేనివాళ్లు ముందు సంతకం పెట్టండి. రసీదు మీద తేదీ వేయించుకోవడం మాత్రం మరవకండి.