రావికమతం బంకులో ఏ పెట్రోలు కొట్టించాలి?

ఈ మధ్య మా రావికమతంలో కారున్నవాళ్లు ఎవరు కలిసినా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇథనాల్ కలిపిన పెట్రోలు కొట్టించాలా, మామూలు పెట్రోలు కొట్టించాలా అని. ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మన బంకులో మీరనుకునే మామూలు పెట్రోలు లేదండి. ఉన్నదంతా ఈ20. అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్, 80 పాళ్లు పెట్రోలు.

ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 2003లో 5 శాతం కలపడం మొదలుపెట్టినప్పుడు ఆ తొలి రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2014 నాటికి కూడా దేశం మొత్తం మీద సగటున కలిసింది ఒకటిన్నర శాతమే, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2022 జూన్‌లో 10 శాతం దాటింది. 20 శాతం లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నారు, దాన్ని 2025-26కి జరిపారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో ఈ20 మొదలైంది, 2025కల్లా ఊరూరా అదే అయింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మేలా ఆదేశించమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 1న కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

మరి పక్కనే ప్రీమియం అని ఇంకో గొట్టం ఉంటుంది కదా, అందులో ఇథనాల్ ఉండదట కదా అంటారు. ఇదొక అపోహ. 95 ఆక్టేన్ ప్రీమియంలో కూడా సాధారణంగా ఇథనాల్ ఉంటుందండి. ఎక్కువ డబ్బు ఇచ్చేది ఆక్టేన్‌కి, అందులో వేసే శుభ్రపరిచే మందులకి. ఇథనాల్ లేనిది కావాలంటే కొన్ని పెద్ద నగరాల్లో దొరికే 100 ఆక్టేన్ పెట్రోలే గతి. లీటరు 160 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. ఆల్టోలో పోసుకోవడానికి రావికమతం నుంచి ఎవరు వెళ్తారండీ దానికోసం!

నిజంగా ఎంచుకునే వీలు ఉన్న దేశం బ్రెజిల్. అక్కడ కార్లు చాలావరకు రెండింటితోనూ నడుస్తాయి. బంకులో ఒక గొట్టం పెట్రోలు, ఇంకోటి ఇథనాల్. ఆ పెట్రోల్లో కూడా 30 శాతం ఇథనాల్ ఉంటుందనుకోండి, అది వేరే సంగతి. అక్కడివాళ్లు బోర్డు చూసి ఒక లెక్క వేసుకుంటారు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటే ఇథనాల్, దాటితే పెట్రోలు. ఎందుకు 70? లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కన్నా ఇంచుమించు మూడో వంతు తక్కువ కాబట్టి.

ఇదే లెక్క మనకీ వర్తిస్తుంది. 20 శాతంలో మూడో వంతు అంటే ఆరు శాతం పైచిలుకు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనూ ఇదే మాట ఉంది. పాత తరహా కార్లకు 6-7 శాతం, బైకులకు 3-4 శాతం, ఈ20కి సర్దిన కార్లకు 1-2 శాతం మైలేజీ తగ్గుతుందని. ఇదంతా అసలు ఇథనాల్ లేని పెట్రోలుతో పోల్చి చెప్పిన లెక్క. మొన్నటిదాకా పోయించుకున్నది 10 శాతం కలిపిందే కాబట్టి మనకు తెలిసే తేడా ఇంకా తక్కువే ఉండాలి. అందుకే “మైలేజీ సగం పడిపోయింది” అంటే నేను నమ్మను. అలా పడితే ఎయిర్ ఫిల్టరో, స్పార్క్ ప్లగ్గో, టైర్లలో గాలో చూడాలి. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి, ఒకే రోడ్డు మీద కొలవండి. బీఎన్ రోడ్డు గోతుల్లో వచ్చిన మైలేజీని అనకాపల్లి హైవే మైలేజీతో పోల్చి దెబ్బలాడితే ఎలా?

కానీ ఆ తేడా కూడా ఊరికే పోదు. మా బావగారిది 2014 కారు. నర్సీపట్నం, చోడవరం తిరుగుళ్లు నెలకు వెయ్యి కిలోమీటర్లు. లీటరుకు 18 వచ్చేది 17 అయితే నెలకు మూడు లీటర్ల పైన అదనం. లీటరు 110 వేసుకున్నా 350 రూపాయలు దాటుతుంది. ఆయన అడిగేది ఒక్కటే, “మరి రేటేం తగ్గలేదేం?” న్యాయమైన ప్రశ్నేనండి. నీతి ఆయోగ్ నివేదికే ఈ20 ధర తక్కువగా ఉండాలంది. ప్రభుత్వం ఇప్పుడు చెప్పేది, ఇథనాల్ కొనుగోలు ధరే పెరిగిందని. 2024-25లో సగటున లీటరు 71 రూపాయల 32 పైసలు. విదేశీ చమురు బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ లాభం దేశానిది, ఈ 350 మా బావగారిది. పాత బండి ఉన్నవాడికి ఏదో ఒక తగ్గింపు ఇవ్వాల్సిందేనని నా అభిప్రాయం.

“పోనీలే, మన చెరుకు రైతుకి పోతుందిలే” అంటారు కొందరు. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. టన్ను చెరుకు రసం నుంచి నేరుగా తీస్తే సుమారు 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. చక్కెర తీశాక మిగిలే మడ్డి నుంచి కూడా వస్తుంది. మరి మన చుట్టుపక్కల మిల్లులేవి? తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. గోవాడ ఎన్ని కష్టాలు పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా 2023 డిసెంబరులో కేంద్రం చెరుకు రసం నుంచి ఇథనాల్ తీయడం మీద ఆంక్షలు పెట్టాక మొక్కజొన్న ముందుకొచ్చింది. కాబట్టి ట్యాంకులో పడ్డ ఇథనాల్ మన చెరుకుదే అనుకోకండి.

ఇక ఇంజన్ పాడవుతుందా అన్నది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కారైతే నిశ్చింతగా ఉండండి, దాని పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేలా చేసినవే. అంతకు ముందువి 10 శాతానికి చేసినవి. ఒక్కసారి కొట్టిస్తే ఏమీ కాదు, ఏళ్ల తరబడి వాడితే రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ముందుగా మార్చాల్సి రావచ్చు. సర్వీసుకిచ్చినప్పుడు ఫ్యూయల్ పైపు పగుళ్లు చూడమని అడిగి చూపించుకోండి. పెట్రోలు వాసన వస్తే వాయిదా వేయకండి. కార్బ్యురేటర్ ఉన్న బాగా పాత బళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి, గాలీ పెట్రోలూ పాళ్లు వాటంతట అవి సర్దుకోలేవు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది నిలబెట్టేసిన బండితో. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగిపోతాయి. ఇంజన్ మొదట పీల్చేది దాన్నే. సంక్రాంతికి వచ్చి కారు ఇంటి దగ్గర పెట్టేసి హైదరాబాద్ వెళ్లిపోతారు చూడండి, వాళ్లు పది పదిహేను రోజులకోసారైనా ఎవరిచేతనైనా కాస్త దూరం తిప్పించండి. పెట్రోలుతో నడిచే స్ప్రేయర్లు, కలుపు తీసే మిషన్లు ఉన్న రైతులైతే పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్లో ఉన్నది కాలిపోయేదాకా నడిపి అప్పుడు మూల పెట్టండి. వచ్చే సీజన్లో తాడు లాగి లాగి చెయ్యి పడిపోయే బాధ తప్పుతుంది.

తుపాను వానలు పడ్డాక ఒకటి రెండు రోజుల్లో కొట్టించాల్సి వస్తే బంకులో సాంద్రత చూపించమని అడగండి, అది మీ హక్కు. బిల్లు ఉంచుకోండి. కొట్టించిన కాసేపటికే బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకుండా ట్యాంకు దింపించండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి చివరగా ఒక మాట. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన నెల చూడండి. 2023 మేలో రిజిస్టరైన కారు 2022లో తయారైంది కావచ్చు. పెట్రోలు మూత తెరిచి ఈ20 అని స్టిక్కర్ ఉందేమో చూడండి, లేకపోతే కారు పుస్తకంలో ఇంధనం పేజీ చదవండి. అక్కడ 10 శాతం అని ఉంటే, ఆ మాట చెప్పి పైపుల ఖర్చు మేరకు బేరమాడండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి, చోడవరంలో కార్లకేం కరువు లేదు. ఉంటానండి.