దేవాలయపు తోటగోడ మరమ్మతు

(సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవము సమీపించుచున్నది. దేవాలయమునకు రంగులు వేయించవలెనని, దీపాలంకరణ చేయించవలెనని మనలో అనేకుల కోరిక. మంచిదే. అయితే తోటకు ఉత్తరమున, బాటవెంబడి ఉన్న ఇటుకగోడను మనమందరము చూచుచునే యున్నాము. దాని మధ్యభాగము బాటవైపునకు ఒరిగినది. పైవరుసల ఇటుకలు కొన్ని రాలినవి. ఆ గోడ ప్రక్కనుండియే మన పిల్లలును ఇరుగుపొరుగు పిల్లలును బడికి నడచిపోవుదురు. ఈ గోడకు సున్నము కొట్టించి ఊరకుందుమా, లేక దానిని బాగుచేయింతుమా అనునదియే నేటి మన ప్రశ్న.

యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో ప్రవక్త, బలములేని గోడకు గచ్చుపూత పూసినవారిని గద్దించెను. పెద్దవాన కురియగానే ఆ గోడ కూలునని, పూసిన పూత ఏమాయెనని జనులు అడుగుదురని హెచ్చరించెను. సమాధానము లేనిచోట సమాధానమున్నదని పలికిన అబద్ధ ప్రవక్తలను గూర్చిన మాట అది. అయినను ఏ తాపీమేస్త్రీని అడిగినను, గోడల విషయములోను అది అక్షరాల నిజమనియే చెప్పును.

గోడ ఊరకే ఒరగదు. మన నేల నల్లరేగడి; వానలకు ఉబ్బును, వేసవిలో నెరలు విచ్చును. లోతులేని పునాది దానితోకూడ కదలును. గోడ నెత్తిమీది కప్పు పోయినచో వాననీరు లోనికి దిగి, సందులలోని సున్నమును కరిగించును. పక్షులు విడిచిన రావిగింజ ఆ సందులో మొలచి, వేరు లావైనకొలది ఇటుకలను విడదీయును. తోటవైపు మన్ను పోగుపడి నీరు నిలిచినచో, ఆ బరువు గోడను బాటవైపు నెట్టును. మన గోడకు ఈ నాలుగు బాధలును కలవు.

కాబట్టి ముందు పరీక్ష జరుగవలెను. మట్టపుగుండు వ్రేలాడదీసి ఒరుగును కొలువవలెను. 9 అంగుళముల మందముగల గోడ రెండున్నర అంగుళములకు మించి ఒరిగినచో అతుకులు పనికిరావు. ఆ భాగమును పైనుండి వరుస వెంట వరుస విప్పి, గట్టినేల తగులువరకు పునాది త్రవ్వించి, తిరిగి కట్టవలెను. తక్కిన చోట్ల పగులుకు అడ్డముగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి, తేదీ వ్రాయవలెను. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. కారణము తీరకముందు ఆ పగులు పూడ్చుట వ్యర్థము.

తరువాత తోటవైపు మన్ను తీసివేసి, నీరు పోవుటకు కాలువ ఏర్పరచవలెను. రావిమొక్కను వేరుతోకూడ తీయవలెను. పైకొమ్మ నరికినచో అది మరల చిగురించును. పాతగోడ గానుగ సున్నముతో కట్టినది. దాని సందులను గట్టి సిమెంటుతో నింపినచో లోపలి తేమ బయటికి రాలేక, మెత్తని పాత ఇటుకయే పొరలుపొరలుగా రాలును. కనుక సందులను ముప్పాతిక అంగుళము లోతు గీకి, దుమ్ము కడిగి, సున్నము ఇసుకలతోనే నింపుట మేలు. క్రొత్త ఇటుకలను బుడగలు ఆగువరకు నీటిలో నానబెట్టవలెను; లేనియెడల అవి సున్నములోని తడిని పీల్చివేయును. క్రొత్త వరుసలు పాతవాటిలోనికి పండ్లవలె చొచ్చుకొనిపోవలెను. ప్రతి 10 అడుగులకు ఒక స్తంభము అవసరము. ఒక దినమున 3 అడుగులకు మించి ఎత్తు లేపరాదు. కట్టినదానిపై గోనెపట్టాలు కప్పి, కనీసము 7 దినములు తడుపవలెను. చివరకు ఇరువైపుల కొంచెము వెలికివచ్చు కప్పు వేసినచో, వాననీరు గోడకు అంటక దూరముగా పడును.

ఈ పని ఎవరు చేయవలెను? నెహెమ్యా కాలమున యెరూషలేము గోడ 52 దినములలో ముగిసెను. యాజకులు ముందుగా పూనుకొనిరి. కంసాలులు, వర్తకులు, పరిమళద్రవ్యములు చేయువారు కట్టిరి. షల్లూము కుమార్తెలును తండ్రితోకూడ కట్టిరి. కొందరు తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును బాగుచేసిరి. తెకోవా ఘనులు మాత్రము ఆ పనికి మెడ వంచలేదన్న సంగతియు అక్కడనే వ్రాయబడియున్నది.

రంగులకై కూర్చిన సొమ్ము ముందుగా గోడకు ఖర్చగును గాక. మేస్త్రీకిని కూలివారికిని పూర్తి కూలి చెల్లింతము. దేవుని పని యను పేరట వారి కూలి తగ్గించుట మనకు తగదు. మన్ను తీయుట, పాత ఇటుకలు గీకి శుభ్రపరచుట, ఉదయసాయంకాలములు తడుపుట మనము వంతులవారీగా చేయుదము. వానలకు ముందే పని ముగియవలెను. అంతవరకు బాటవైపు త్రాడు కట్టి, పిల్లలను ఆవలి అంచున నడిపింతము. ఆ త్రాడు మాత్రము ఈ సాయంకాలమే కట్టుదము.

పండుగనాటికి పాత ఇటుక ప్రక్కన క్రొత్త ఇటుక మచ్చలుగా కనబడవచ్చును. చుట్టములు అడిగినచో, అక్కడ గోడ ఒరిగినది, బాగుచేసితిమని చెప్పుదము. అందుకు సిగ్గుపడనక్కరలేదు.

దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.