జామకాయలో సి విటమిను కొలిచేదెట్లా?



మీ తోటలో రెండు మంచి జామచెట్లున్నవి. ఏ చెట్టునుంచి అంట్లు కట్టాలో తేల్చుకోడానికి కాయలు పరీక్షకు పంపారనుకోండి. ఒక చెట్టు కాయలు ఈ పొద్దున కోసినవి. రెండో చెట్టువి రెండు రోజులు ఎండలో బుట్టలో మగ్గినవి. గెలిచింది చెట్టో, బుట్టో ఎవరు చెప్పగలరు? ఆ అంకె నమ్మి తోట వేస్తే, ఏళ్ల కష్టం వృథా కావచ్చు. అందుకే ఈ పరీక్ష ఎట్లా జరుగుతుందో తెలుసుకుందాం.

సి విటమిను నీళ్లలో కరుగుతుంది. వేడికీ, గాలికీ చెడుతుంది. రాగి తగిలితే మరీ త్వరగా చెడుతుంది. అందుచేత ప్రయోగశాలలో కాయను స్టెయిన్‌లెస్ స్టీలు కత్తితో కోసి, వెంటనే మెటాఫాస్ఫారిక్ ఆమ్లపు నీళ్లతో నూరుతారు. ఆ పులుపే విటమినుకు కాపుదల. 10 గ్రాముల కాయను ఇట్లా నూరి, ఆమ్లపు నీళ్లతోనే 100 మి.లీ.కు సరిచేసి వడకడతారు.

తర్వాత బ్యూరెట్టు అనే కొలత గీతల గాజు గొట్టంలో డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్ అనే నీలిరంగు ద్రావణం పోస్తారు. దాన్ని చుక్కచుక్కగా రసంలోకి వదులుతారు. విటమిను ఉన్నంతసేపూ రంగును పోగొడుతుంది. అది అయిపోగానే, పడిన చుక్క ఆ పులుపులో లేత గులాబీగా కనబడుతుంది. ఆ ఛాయ 15 సెకండ్లు నిలిస్తే పరీక్ష ముగిసినట్లే.

ఇక లెక్క. ముందుగా, బరువు తెలిసిన శుద్ధమైన విటమినుతో రంగు బలం చూస్తారు. 0.5 మి.గ్రా. విటమినుకు 10 మి.లీ. రంగు పట్టిందనుకుందాం. అంటే 1 మి.లీ. రంగు 0.05 మి.గ్రా. విటమినుకు సమానం. మన రసం 2 మి.లీ.కు 8 మి.లీ. రంగు పడితే, అందులో ఉన్నది 0.4 మి.గ్రా. ఆ లెక్కన 100 మి.లీ. రసంలో 20 మి.గ్రా. ఇది 10 గ్రాముల కాయది. కాబట్టి 100 గ్రాముల కాయలో 200 మి.గ్రా. జామకు ఇది మామూలు అంకే.

ఈ పద్ధతికీ హద్దులున్నవి. ఎర్ర గుజ్జు జామలో గులాబీ ఛాయ పోల్చుకోవడం కష్టం. సల్ఫర్ డయాక్సైడు కలిపి నిలవచేసిన రసాల్లో ఆ మందు కూడా రంగును పోగొట్టి, లేని విటమినును ఉన్నట్లు చూపుతుంది. ఇటువంటివాటికి నేడు పెద్ద ప్రయోగశాలల్లో హెచ్.పి.ఎల్.సి. అనే యంత్రం వాడుతున్నారు.

ఇక మీ వంతు. రెండు చెట్లనుంచీ ఒకే పక్వంలో ఉన్న కాయలు ఒకే పూట కోయండి. ఎండ తగిలే కాయల్లో విటమిను హెచ్చు. కనుక చెట్టుకు నాలుగు వైపులనుంచీ, లోపలి కొమ్మలనుంచీ కూడా తీసుకోండి. దెబ్బతిన్నవి వద్దు. ముక్కలు కోసి పంపవద్దు. నీడపట్టున, చల్లగా ఉంచి, అదే రోజు చేర్చండి. సంచిమీద చెట్టు గుర్తు, కోసిన తేదీ, వేళ రాయండి. రెండు సంచులూ ఒకేసారి ప్రయోగశాల గుమ్మం ఎక్కితే, వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అప్పుడు అంట్లు కట్టండి.